వీఆర్ హెడ్‌సెట్ పిల్లాడికి కాదు, మీకు: పేరెంట్ ట్రైనింగ్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో చిన్నపిల్లల ప్రవర్తన సమస్యల మీద పనిచేసే సైకాలజిస్టుని నేను. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు నుంచి తెలుగు కుటుంబాలు చాలా వస్తుంటాయి. అడిగింది ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లడం, కొట్టడం, కొరకడం, చేతికందింది విసిరేయడం, ఏం చెప్పినా "చెయ్యను" అనడం... వాళ్ళు చెప్పేవి దాదాపు ఇవే. రెండు మూడేళ్ళ వయసులో ఇందులో కొంత అందరు పిల్లలకీ ఉంటుంది. రోజూ జరుగుతూ, ఇంట్లోనూ ప్లేస్కూల్లోనూ ఎవరికీ ఊపిరాడనివ్వకపోతే మాత్రం సాయం తీసుకోవాలి. ఆ సాయంలో మొదటిది పేరెంట్ ట్రైనింగ్, అంటే పిల్లాడి ప్రవర్తనకి ఎలా స్పందించాలో పెద్దవాళ్ళకి సాధన చేయించడం. అందులో వీఆర్ (వర్చువల్ రియాలిటీ: కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుంటే కంప్యూటర్ సృష్టించిన గదిలో, మనుషుల మధ్య ఉన్నట్టు అనిపించే సాంకేతికత) కూడా వాడతామని చెప్పగానే వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. అవి పట్టుకుని కొందరు అసలు ట్రైనింగే మానేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆ కళ్ళద్దాల డబ్బా పిల్లాడి తలకి తగిలిస్తారు. ఉన్న స్క్రీన్ పిచ్చి చాలదా?

వాస్తవం: పిల్లాడు దాన్ని ముట్టుకోడు. పెట్టుకునేది అమ్మ, నాన్న, లేదా ఇంట్లో పిల్లాణ్ణి చూసుకునే తాతయ్యో అమ్మమ్మో. మెటా క్వెస్ట్ హెడ్‌సెట్లకి కంపెనీ పెట్టిన కనీస వయసే పదేళ్ళు, సోనీ ప్లేస్టేషన్ వీఆర్‌కి పన్నెండు. మా దగ్గరికొచ్చే పిల్లలు ఏడేళ్ళ లోపు వాళ్ళు. మీరు సాధన చేస్తున్నంతసేపూ వాళ్ళు పక్క గదిలో ఆడుకుంటుంటారు.

అపోహ: ఇవన్నీ మాకు తెలుసండీ. పుస్తకాలు చదివాం, రీల్స్ చూశాం. కొత్తగా నేర్చుకోవడానికి ఏముంది?

వాస్తవం: తెలుసు. కానీ రాత్రి ఎనిమిదింటికి అది గుర్తు రాదు. కుక్కర్ కూస్తుంటుంది, ఆఫీసు కాల్ మ్యూట్‌లో నడుస్తుంటుంది, నాలుగేళ్ళ వాడు ఫోన్ కోసం కాళ్ళకి చుట్టుకుంటాడు. "వద్దు" అంటారు. అరుస్తాడు. మళ్ళీ "వద్దు" అంటారు. పళ్ళెం విసిరేస్తాడు. కింది ఫ్లాట్ వాళ్ళు ఏమనుకుంటారో అని ఫోన్ చేతిలో పెడతారు. టక్కున ఇల్లు నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ ఒక్కో పాఠం నేర్చుకున్నారు. పళ్ళెం విసిరేదాకా వెళ్తే ఫోన్ వస్తుందని వాడు. ఇచ్చేస్తే గొడవ ఆగుతుందని మీరు. మర్నాడు వాడు నేరుగా పళ్ళెం దగ్గర మొదలుపెడతాడు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు కుటుంబాల్ని వాళ్ళ ఇళ్ళలోనే గమనించి, ఒకరినొకరు లొంగదీసుకునే ఈ చక్రాన్ని వివరంగా రాశారు. ఆయన పుస్తకం 1982లో వచ్చింది. పిల్లాడు చెడ్డవాడూ కాదు, తల్లి చేతకానిదీ కాదు. ఇద్దరూ ఆ క్షణానికి పనిచేసిన దారి పట్టారు, అంతే.

ఈ చక్రం ఉపన్యాసం వింటే తెగదు. చేస్తుండగా పక్కన ఒకరుండి చెబితేనే తెగుతుంది. 1970లలో షీలా ఐబర్గ్ రూపొందించిన పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీలో తల్లి పిల్లాడితో ఆడుతుంటే, థెరపిస్టు ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక నిలబడి ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్‌లో అప్పటికప్పుడు చెబుతుంటారు. ఇప్పటికీ నేను నమ్మేది ఆ పద్ధతినే. అయితే అందులో ఒక ఇబ్బంది ఉంది. మీకు ప్రాక్టీసు కావాలని మీ బిడ్డని పదిసార్లు ఏడిపించలేం. వీఆర్‌లోని పిల్లాడు ఎన్నిసార్లు పేచీ పెట్టినా ఎవరికీ నష్టం లేదు. మీరు తడబడినా అక్కడ గాయపడేవాళ్ళు లేరు.

సెషన్ ఎలా ఉంటుందో చెబుతాను. హెడ్‌సెట్ పెట్టుకోగానే ఒక హాలు, సోఫా, నేలంతా బ్లాకులు, మధ్యలో ఓ పిల్లాడు. మీరు చూసేది నా లాప్‌టాప్‌లో నాకూ కనిపిస్తుంది. వాడి గొంతు ఎంత పెంచాలో, ఎప్పుడు మాట వినాలో నా చేతిలో ఉంటుంది. దొరికే సాఫ్ట్‌వేర్లలో పిల్లలు ఇంగ్లీషే మాట్లాడతారు కాబట్టి వాడి మాటలు మైకులో మేమే తెలుగులో చెబుతాం. "పోవే, నేను తియ్యను" అని వినపడితే గానీ మన ఇంట్లో ఉన్నట్టు అనిపించదు.

చాలామంది మొదలుపెట్టేది ఇలా: "బంగారం, బొమ్మలు తీసేస్తావా ప్లీజ్?" అది ప్రశ్న. ప్రశ్నకి "తియ్యను" అనేది కూడా సరైన జవాబే. నేను పక్కనుంచి చెబుతాను: "అడగొద్దు, చెప్పండి. ఒక్క పనే చెప్పండి." అప్పుడు "ఎర్ర బ్లాకు బుట్టలో వెయ్యి" అంటారు. ఆ తర్వాత అయిదు సెకన్లు మాట్లాడకూడదు. మొత్తం ట్రైనింగ్‌లో కష్టమైనవి ఈ అయిదు సెకన్లే. రెండో సెకనుకే ఇంకోసారి చెప్పేస్తారు, మూడో సెకనుకి బెదిరిస్తారు. కొందరి చెయ్యి గాల్లోకి వెళ్ళి లేని బ్లాకుని తీయబోతుంది! పని తామే చేసేయడం ఎంత అలవాటైందో ఆ చెయ్యి చెబుతుంది. వాడు బ్లాకు వేశాక "గుడ్ బాయ్" సరిపోదు, దేనికి మెచ్చుకున్నారో వాడికి తెలియదు. "చెప్పగానే బుట్టలో వేశావు, శభాష్!" అంటే తెలుస్తుంది. ఇది నోటికి అలవాటయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చేయిస్తాం.

అపోహ: అది బొమ్మ అని తెలిసి కూడా మాకు కోపం ఎలా వస్తుంది? అంతా నాటకం.

వాస్తవం: మనసుకి తెలిసినా ఒంటికి తెలియదు. 1995లో బార్బరా రోత్‌బామ్ బృందం ఎత్తులంటే భయపడే కాలేజీ విద్యార్థులకి వీఆర్‌లో అద్దాల లిఫ్టులు, బాల్కనీలు, వంతెనలు చూపించి చికిత్స చేసింది. అప్పటి గ్రాఫిక్స్ చాలా నాసిరకం. అయినా వాళ్ళకి భయం వేసింది, సాధనతో తగ్గింది. కొందరు ఎవరూ చెప్పకుండానే నిజమైన ఎత్తులు ఎక్కి చూసుకున్నారు. మా గదిలోనూ అంతే. స్పీకర్లో పిల్లాడు గుక్కపట్టగానే దవడ బిగుస్తుంది, గొంతు పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో గొంతు మామూలుగా ఉంచడమే మనం నేర్చుకోవాల్సింది.

హద్దు కూడా చెప్పాలి. ఆ పిల్లాణ్ణి ఎత్తుకోలేరు, వాడు మీ మెడ చుట్టూ చేతులు వెయ్యలేడు. పిల్లలతో బంధం పెంచే పని హెడ్‌సెట్‌తో జరగదు.

అపోహ: నాలుగు సెషన్లు చేస్తే పిల్లాడు చెప్పిన మాట వింటాడు.

వాస్తవం: పేరెంట్ ట్రైనింగ్ పనిచేస్తుందనడానికి దశాబ్దాల పరిశోధన ఉంది. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపలేకపోవడం, అతి చురుకుదనం) ఉన్న నాలుగు, అయిదేళ్ళ పిల్లలకి మందుల కంటే ముందు ఇదే ఇవ్వాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందులోకి వీఆర్‌ని తేవడం మాత్రం కొత్త. ఇంకా చిన్న చిన్న ప్రయత్నాల దశలోనే ఉంది. అద్భుతాలు చేస్తామనేవాళ్ళని నమ్మకండి.

అసలు పని ఇంట్లో, రోజూ అయిదు నిమిషాల ఆటతో మొదలవుతుంది. ఫోన్ పక్కన పెట్టి, పిల్లాడు ఆడే ఆటనే వాడి వెనక ఆడాలి. ప్రశ్నలొద్దు, ఆజ్ఞలొద్దు, తప్పులెన్నడం వద్దు. "ఇదేం రంగు? ఏ ఫర్ ఏంటి?" అని పరీక్ష పెట్టడం మనవాళ్ళకి బాగా అలవాటు, దాన్నీ ఆపాలి. "లారీ మీద ఏనుగుని ఎక్కించావే!" అని చేస్తున్నది చెబితే చాలు. ఈ పునాది లేకుండా ఆజ్ఞల దగ్గరికి వెళ్ళను, ఎంత తొందరపెట్టినా సరే.

ఇంకొకటి, ముందే తెలిస్తే గుండె జారదు. ఇన్నాళ్ళూ అరిస్తే దొరికింది ఇక దొరకదని తెలిసిన కొత్తలో పిల్లాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. చాలా ఇళ్ళలో "ఈ పద్ధతి మావాడికి పడదు" అని వదిలేసేది ఆ వారంలోనే. అప్పుడు లొంగితే, అంత గట్టిగా అరవాలన్నమాట అని వాడికి నేర్పినట్టే. ఆ పెరిగిన అరుపుని వీఆర్‌లో ముందుగానే వినిపిస్తాం. నా లెక్కలో ఈ యంత్రం చేసే అతి పెద్ద మేలు ఇదే. అయితే పట్టించుకోకపోవడం అరుపులకీ సణుగుడుకీ మాత్రమే. ఎవరినైనా కొడుతున్నా, బాల్కనీ గ్రిల్ ఎక్కుతున్నా, రోడ్డు మీదికి పరిగెడుతున్నా వెంటనే వెళ్ళి ఆపాలి.

అపోహ: కళ్ళు పోతాయి, తల తిరుగుతుంది.

వాస్తవం: కొందరికి తిప్పుతుంది. కళ్ళకి కదులుతున్నట్టు ఉండి ఒళ్ళు కదలకపోతే అలా అవుతుంది. అందుకే నిలబడిన చోటే జరిగే సన్నివేశాలు, కొద్ది నిమిషాలే. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందే చెప్పండి, వేరే దారి చూస్తాం.

అపోహ: అల్లరి ఉందంటే నేరుగా ఈ ట్రైనింగే.

వాస్తవం: ముందు పిల్లాణ్ణి చూడాలి. సరిగ్గా వినపడని పిల్లాడు మాట వినడు. మాటలు రాని పిల్లాడు చేతులతో చెబుతాడు. నిద్ర చాలని పిల్లాడు సాయంత్రానికి చిటపటలాడతాడు. ఆటిజం ఉంటే పద్ధతి మారుతుంది. ఇంట్లో తెలుగు, అపార్ట్‌మెంట్‌లో హిందీ, స్కూల్లో ఇంగ్లీషు, ఆయాతో కన్నడ మధ్య పెరుగుతుంటే టీచరు చెప్పింది అర్థమయిందో లేదో కూడా అడగాలి.

అపోహ: వాళ్ళమ్మ నేర్చుకుంటే చాలు.

వాస్తవం: అమ్మ ఇవ్వని ఫోన్ నాన్న ఇస్తే, ఇద్దరూ ఇవ్వనిది నెల్లూరు నుంచి వచ్చిన నాయనమ్మ ఇస్తే, వాడు ఎవరి దగ్గర ఎంత ఏడవాలో లెక్కగా నేర్చుకుంటాడు. నాయనమ్మలు హెడ్‌సెట్ వద్దంటారనుకుంటారు గానీ, కూర్చోబెట్టి చూపిస్తే ఆసక్తిగా పెట్టుకునేవాళ్ళే ఎక్కువ.

అపోహ: వీఆర్ లేని చోట మంచి ట్రైనింగ్ దొరకదు.

వాస్తవం: తప్పకుండా దొరుకుతుంది. జొనాథన్ కోమర్ బృందం 2017లో వెలువరించిన అధ్యయనంలో 40 కుటుంబాలలో కొందరికి వీడియో కాల్‌లో ఇంటినుంచే, కొందరికి క్లినిక్‌లో కోచింగ్ ఇచ్చారు. ఇంటినుంచి నేర్చుకున్నవాళ్ళు ఏమీ వెనకబడలేదు. సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్ దాటి రాలేనివాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే: ఒక ఫోన్, ఒక బ్లూటూత్ ఇయర్‌ఫోన్, రోజుకి అయిదు నిమిషాలు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో చిన్నపిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

ఎక్కడైనా వీఆర్ ట్రైనింగ్ అంటే డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి. నేను హెడ్‌సెట్‌లో ఉన్నప్పుడు పక్కనుండి చెప్పేది ఎవరు, వాళ్ళ చదువేమిటి? నా సొంత పిల్లాడితో ఆడుతుండగా మీరు చూసి కోచింగ్ ఇచ్చేది ఎన్నో వారం నుంచి? రెండోదానికి "అది అవసరం లేదండీ" అంటే అక్కడ చేరకండి.