పికప్‌కు అదనపు డీజిల్ ట్యాంకు, టూల్‌బాక్స్: అపోహలు – వాస్తవాలు

పికప్ వెనక అదనపు ట్యాంకు బిగించుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని లీటర్లది పడుతుంది?" అని. ఆ వెంటనే వచ్చేది ప్రశ్న కూడా కాదు, తీర్పు: "పైనుంచి ఒక పైపు దింపి టీ జాయింటు వేస్తే అయిపోతుందిగా." టూల్‌బాక్స్ రంగు గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు ఈ పైపు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తారు. డబ్బు పోయేదీ, బండికి ముప్పు వచ్చేదీ అక్కడే. అందుకే ఈ పోస్టులో సగం దానికే పోతుంది.

అపోహ: ట్యాంకు ఎత్తున ఉంది, డీజిల్ దానంతటదే దిగుతుంది, మధ్యలో ఒక బాల్ వాల్వ్ చాలు

దిగుతుంది. ఎక్కడ ఆగాలన్నదే సమస్య. బెడ్‌లో (వెనక సామాను వేసే తొట్టిలో) ఉన్న ట్యాంకు నిండుగా ఉంటే అందులోని డీజిల్ మట్టం మామూలుగా మెయిన్ ట్యాంకు మూత కంటే పైన ఉంటుంది. వాల్వ్ తెరిచి వదిలేస్తే మెయిన్ ట్యాంకు నిండి, ఫిల్లర్ గొట్టంలోకి ఎక్కి, చివరికి మూత దగ్గరో, గాలి పోయే వెంట్ దగ్గరో బయటపడుతుంది. రాత్రి నిలిపిన బండి కింద తెల్లారేసరికి మడుగు కడుతుంది. నడుస్తుండగా కారితే ఆ డీజిల్ రోడ్డు మీద పడి వెనక వచ్చే ద్విచక్రవాహనాలు జారిపడతాయి.

"గుర్తుపెట్టుకుని కట్టేస్తాను" అంటారు. కట్టేసినా ఇంకో చిక్కు మిగిలే ఉంటుంది. కంపెనీవాళ్లు మెయిన్ ట్యాంకు పైభాగంలో కొంత ఖాళీ కావాలనే వదులుతారు. డీజిల్ 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.8 శాతం వ్యాకోచిస్తుంది. 130 లీటర్ల ట్యాంకులో 20 డిగ్రీలు పెరిగితే అది రెండు లీటర్ల పైమాటే. పైగా కామన్ రైల్ ఇంజన్ (ఇప్పటి డీజిల్ బళ్లలో ఉండే రకం) వాడుకోగా మిగిలిన డీజిల్ వేడిగా తిరిగి ట్యాంకులోకే వస్తుంది. పైనుంచి దింపిన డీజిల్‌తో ఆ ఖాళీ కూడా నిండిపోయి, వాల్వ్ కట్టేసి ఉంటే, పెరిగిన డీజిల్ వెంట్ వెతుక్కుంటూ పోతుంది.

ఇలా ఎత్తు నుంచి దానంతటదే దిగనిచ్చే గ్రావిటీ పద్ధతి తప్పని కాదు. దానికి మూడు భాగాలు తప్పనిసరి: మెయిన్ ట్యాంకు నిండగానే తానే మూసుకునే ఆటో షటాఫ్ వాల్వ్, బండి బోల్తాపడితే డీజిల్ కారకుండా అదనపు ట్యాంకు వెంట్‌లో రోల్‌ఓవర్ వాల్వ్, అవుట్‌లెట్ దగ్గర చేత్తో తిప్పే బాల్ వాల్వ్. ఈ మూడోది సర్వీసు చేసేటప్పుడు, బండి ఎక్కువసేపు నిలిపేటప్పుడు కట్టేయడానికి. మొదటి రెండింటి పని అది చేయలేదు.

ఆటో షటాఫ్ వాల్వ్ పెట్టినా పొంగుతోందని తిరిగొచ్చే బళ్లలో తరచూ కనిపించే కారణం చెత్త. కొత్త ట్యాంకు అడుగున వెల్డింగు పొక్కులు, డ్రిల్లు తీసిన లోహపు రజను ఉంటాయి. వాల్వ్‌ను విప్పి సీటు మీద వేలు పెడితే గోరు మొన కంటే చిన్న పలుకు తగులుతుంది. సీలు ఆ పలుకు మీద ఆనుకుని వెంట్రుకవాసి తెరుచుకుని ఉండిపోతుంది. గంటకు అర లీటరు చొప్పున కారినా పది గంటల్లో ఐదు లీటర్లు. బిగించే ముందే ట్యాంకులో ఐదారు లీటర్ల డీజిల్ పోసి, బాగా ఊపి, గుడ్డలో వడగట్టండి. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయండి. వాల్వ్‌కు ముందు విప్పి కడుక్కోగల జాలీ ఫిల్టరు పెట్టండి.

ఇక బిగించే వరుస. మెయిన్ ట్యాంకు పావు కంటే కిందికి వచ్చాకే పని మొదలుపెట్టాలి. ఫిల్లర్ హోస్‌ను నిటారుగా ఉన్నచోట కోసి, అదే వ్యాసం ఉన్న టీ జాయింటు పెట్టి, రెండు పక్కలా మంచి క్లిప్పులు బిగించాలి. దాని పక్కనే పోయే సన్న వెంట్ గొట్టాన్ని, కిట్ తయారీదారు స్పష్టంగా చెబితే తప్ప, ముట్టుకోవద్దు. బంకులో నింపేటప్పుడు లోపలి గాలి బయటికి వచ్చే దారి అదే. మర జాయింట్లకు డీజిల్‌ను తట్టుకునే సీలెంటే వాడాలి. మామూలు సిలికాన్ ఉబ్బి ఊడుతుంది, టెఫ్లాన్ టేపు పీలికలై ఫిల్టరుకు చేరుతుంది. ఇంధనానికని రాసి ఉన్న హోసే కొనండి. పారదర్శకంగా కనిపించే నీళ్ల పైపు డీజిల్‌కు గట్టిపడి పగులుతుంది. పైపు పొడవునా వాలు ఉండాలి, ఎక్కడ పైకి లేస్తే అక్కడ గాలి చిక్కుతుంది. బెడ్ రేకు దాటే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే కట్టు) లేకపోతే రేకు అంచు హోస్‌ను కోసేస్తుంది. సైలెన్సరుకు, ముఖ్యంగా పొగలోని మసిని పట్టే ఫిల్టరైన డీపీఎఫ్‌కు, కనీసం జానెడు దూరం ఉంచాలి. పట్టిన మసిని కాల్చేసుకునే రీజనరేషన్ వేళ దాని లోపల వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. అంతా అయ్యాక ట్యాంకు నింపేయకండి. 20 లీటర్లు పోసి, ప్రతి జాయింటుకూ టిష్యూ కాగితం చుట్టి, ఒక రాత్రి వదిలి చూడండి.

పంపు పద్ధతి ఖర్చు ఎక్కువే, కానీ మా ఓటు దానికే. కంట్రోలరు మెయిన్ ట్యాంకు మట్టం చదివి, తగ్గినప్పుడు 12 వోల్టుల పంపును నడిపి, నిండకముందే ఆపుతుంది. వైరింగులో రెండు విషయాలు పట్టుకోండి: ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, పంపుకు కరెంటు ఇగ్నిషన్‌తో పనిచేసే రిలే ద్వారా రావాలి. తాళంచెవి తిప్పి బండి ఆపేస్తే పంపు కూడా ఆగాలి.

ఇప్పటికే ఒట్టి బాల్ వాల్వ్‌తో తిరుగుతున్నవాళ్లు కంగారుపడి బండి పక్కన పెట్టాల్సిన పనిలేదు. షటాఫ్ వాల్వ్ వేయించేదాకా వాల్వ్ మూసే ఉంచండి. మెయిన్ ట్యాంకు సగం దిగాక, చదునైన చోట బండి నిలిపి, పక్కనే నిలబడి దింపుకోండి. ముప్పావుకు ఆపేయండి.

గ్రావిటీ కిట్ వేశాక చెక్ ఇంజన్ లైటు వెలిగితే ఇంజన్ పోయిందని భయపడేవాళ్లు చాలామంది. స్కాన్ చేస్తే పీ 0461 కోడ్ వస్తే అది మట్టం కొలిచే సెన్సరుకు సంబంధించినది. ఎంత దూరం నడిచినా ట్యాంకు మట్టం కదలకపోవడంతో సెన్సరు చెడిందని కంప్యూటరు అనుకుంటుంది. వాల్వ్ మూసి మెయిన్ ట్యాంకును మామూలుగా తగ్గనిచ్చి మళ్లీ చూడండి. అప్పటికీ అదే కోడ్ వస్తేనే సెన్సరు మీద అనుమానపడండి.

పెట్రోల్ బండికి ఇవేవీ వర్తించవు. అక్కడ ఆవిరి బయటికి పోకుండా ట్యాంకును సీలు చేసి ఉంచే ఏర్పాటు ఉంటుంది. దానికి గ్రావిటీ పైపు కలపకూడదు. ఎవరైనా కలిపి ఇస్తామంటే ఆ షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

అపోహ: బెడ్‌లో చోటున్నంత బరువు మోస్తుంది

డ్రైవరు తలుపు ఫ్రేము మీది లేబుల్ చూసి లెక్క వేయండి. డీజిల్ లీటరుకు సుమారు 0.84 కిలోలు, అంటే 300 లీటర్లు 252 కిలోలు. ఖాళీ ట్యాంకు, పెట్టె కలిపి 90 అనుకుందాం. పనిముట్లు 120, ఇద్దరు మనుషులు 150. మొత్తం 612 కిలోలు. పేలోడు (మనుషులతో కలిపి బండి మోయగల బరువు) 700 కిలోలున్న బండిలో ఇక మిగిలింది 88 కిలోలే. ట్రైలరు లాగితే హిచ్ (దాన్ని తగిలించే కొక్కెం) మీద పడే బరువు కూడా ఇందులోంచే పోతుంది. ట్యాంకును క్యాబిన్‌కు ఆనించినట్టు, వెనక ఇరుసుకు ముందు పెడితే కొంత భారం ముందు చక్రాలకూ పంచుకుంటుంది. లోపల అడ్డుపలకలు లేని ట్యాంకు కొనొద్దు. సగం నిండిన డీజిల్ బ్రేకు వేసినప్పుడల్లా ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. బిగించాక నింపి, వేబ్రిడ్జి మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. స్ప్రింగు ఆకు ఒకటి ఎక్కువ వేయిస్తే బండి వెనక కుంగదు, కానీ బ్రేకులు, టైర్లు, ఇరుసు మోయగల పరిమితి పెరగదు.

మిగతావి త్వరగా.

"జింకు పూత రేకైతే తుప్పు పట్టదు." నీళ్లకైతే సరే. జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి జిగురు తయారుచేస్తుంది, అది ఫిల్టర్లను, ఇంజెక్టర్లను మూస్తుంది. రాగి పైపు కూడా వద్దు, డీజిల్ త్వరగా పాడవుతుంది. ట్యాంకు అల్యూమినియందో మామూలు ఉక్కుదో తీసుకోండి.

"టూల్‌బాక్స్ బిగించిన క్లాంపులే ట్యాంకునూ పట్టుకుంటాయి." ఖాళీ పెట్టెకు బెడ్ అంచు క్లాంపులు సరిపోతాయి. పావు టన్ను డీజిల్‌కు బోల్టులు బెడ్ రేకు దాటి, కింద మందపాటి పలకతో బిగియాలి. డ్రిల్లు పెట్టేముందు బండి కిందికి దూరి చూడండి: మెయిన్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఎక్కడున్నాయో సుద్దతో గీసుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ బిగించాలి.

"పెట్టెలో ఏదైనా పెట్టుకోవచ్చు." ట్యాంకుతో కలిసి వచ్చే పెట్టెలో బ్యాటరీ, ఇన్వర్టరు పెట్టొద్దు. ఎసిటిలిన్ సిలిండరును ఏ మూసిన పెట్టెలోనూ పెట్టొద్దు, పేలడానికి చిన్న లీకు చాలు.

"ఎంత పెద్ద ట్యాంకైనా ఒకటే నియమం." అమెరికాలో ప్రమాదకర సరుకు రవాణా నిబంధనలు 119 గ్యాలన్లు, అంటే 450 లీటర్లు దాటిన ట్యాంకును బల్క్ (పెద్ద మొత్తం సరుకు) కింద లెక్కిస్తాయి. అక్కడి ట్యాంకు కిట్లలో చాలావాటి పరిమాణం దానికి లోపే ఆగడానికి కారణం అదే. మీ ప్రాంతపు నిబంధనలు కొనేముందే చూడండి.

"బెడ్ మీద ప్లాస్టిక్ లైనర్ ఉంటే ఇంకా సురక్షితం." రుద్దుడుకు మంచిదే, కానీ అది ట్యాంకును ఛాసిస్ నుంచి విద్యుత్తు పరంగా విడదీస్తుంది. ట్యాంకు నుంచి ఛాసిస్‌కు ఒక ఎర్త్ తీగ వేసి, మల్టీమీటరుతో ఒక ఓమ్ కంటే తక్కువ వస్తోందో లేదో చూడండి. ఇదే లైనర్ మీద డబ్బా పెట్టి పెట్రోల్ పడుతుండగా స్థిర విద్యుత్తు రవ్వకు మంటలు లేచిన ఘటనలపై అమెరికాలో పనిచోటు భద్రతపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ నయోష్ 1998లోనే హెచ్చరించింది. డబ్బా నింపాలంటే దించి నేల మీద పెట్టి, నాజిల్‌ను డబ్బా మూతికి ఆనించి నింపండి.