మైకు ముందు వణుకు, బోర్డు ముందు వణుకు

1971లో జపాన్‌లోని కోబే నగరంలో దైసుకే ఇనోయే అనే బార్ సంగీతకారుడు 11 పెట్టెలు చేయించి బార్లకు అద్దెకిచ్చాడు. వంద యెన్ల నాణెం వేస్తే పెట్టెలోంచి వాద్యం వస్తుంది, పాట కస్టమర్ పాడుకోవాలి. అదే కరోకే. దీనికి ముందు ఓ కంపెనీ యజమాని, తనతో ఊరొచ్చి తన పాటకు వాయించమని ఇనోయేని అడిగాడట. వెళ్ళడం కుదరక వాద్యాన్ని టేపు మీద రికార్డు చేసి ఇచ్చాడు. ఆ పెద్దమనిషి గొంతు ఎంతవరకు లేస్తుందో తెలిసినవాడు గనక, దానికి తగిన శ్రుతిలోనే వాయించాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. 2004లో ఆయనకు ఇగ్నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే సరదా బహుమతి) శాంతి బహుమతి ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు భరించడానికి కొత్త దారి చూపినందుకు!

కరోకేలో పాట మనది కాదు, వాద్యం మనది కాదు. మనదంటూ మిగిలేది నలుగురి ముందు నిలబడడమే. క్లాసులో కూడా సిలబస్ ఎవరో రాసిందే, పుస్తకం పిల్లల చేతిలోనే ఉంది. అందుకే నిలబడడం గురించి తెలుసుకోవాలనుకునే టీచర్లకు కరోకే మంచి ప్రయోగశాల. ఇది ఊరికే అంటున్న మాట కాదు, కరోకేతో నిజంగానే ప్రయోగాలు జరిగాయి.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, విద్యార్థుల చేత వీడియో గేమ్ కరోకేలో ఓ పాప్ పాట పాడించారు. పాడేముందు కొందరు ‘నాకు ఆందోళనగా ఉంది’ అనాలి, కొందరు ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అనాలి, కొందరు ఏమీ అనక్కర్లేదు. శ్రుతి, లయ, బిగ్గరతనం చూసి మార్కులు వేసింది యంత్రమే కాబట్టి పక్షపాతానికి తావులేదు. ఉత్సాహం అన్నవాళ్ళకు సుమారు 80 శాతం, ఏమీ అననివాళ్ళకు 69, ఆందోళన అన్నవాళ్ళకు 53 వచ్చాయి. విచిత్రమేమిటంటే ఉత్సాహం అన్నంత మాత్రాన గుండె వేగం తగ్గలేదు. శరీరం దడదడలాడుతూనే ఉంది, ఆ దడకు పెట్టుకున్న పేరు మారిందంతే.

కొత్తగా చేరిన లెక్చరర్‌కు స్టాఫ్‌రూములో అందరూ ఇచ్చే సలహా ‘టెన్షన్ పడకండి’ అని. అది అంతగా పనిచెయ్యకపోవడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. ఆందోళన, ఉత్సాహం రెండూ గుండె వేగంగా కొట్టుకునే స్థితులే, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం తేలిక. దడ నుంచి ప్రశాంతతకు రావాలంటే శరీరాన్నే నిమ్మళింపజెయ్యాలి, బెల్లు కొట్టాక దానికంత టైమెక్కడిది?

పైగా ఆ వణుకు మనకు కనిపించినంతగా ఎదుటివాళ్ళకు కనపడదు. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఉపన్యాసమిచ్చిన విద్యార్థుల మీద ఇదే చూశారు. తామెంత కంగారుగా కనిపించామో వాళ్ళు వేసుకున్న అంచనా, శ్రోతలు చెప్పినదానికంటే ఎక్కువగా ఉంది. ఈ సంగతి ముందే చెప్పి పంపితే ఉపన్యాసం కూడా మెరుగుపడింది.

ఇక చూపు సంగతి. మన ఊళ్ళలో రిటైరైన ఉద్యోగులు నడుపుకునే కరోకే క్లబ్బుకు ఓ సాయంత్రం వెళ్ళి కూర్చోండి. స్టాండు మీద ట్యాబ్, అందులో సాహిత్యం. కొత్తాయన పల్లవంతా ట్యాబ్‌కే పాడతాడు. పల్లవికీ చరణానికీ మధ్య వాద్యం ఒక్కటే మోగే ఇంటర్‌లూడ్ వచ్చాక కూడా కళ్ళు అక్కడే, వేలు స్క్రీన్ మీదే, చరణం ఎక్కడ తప్పిపోతుందోనని. అలవాటైన ఆవిడ అదే ఇంటర్‌లూడ్‌లో మైకు కాస్త దించి, ముందు వరసలో తాళం వేస్తున్నాయన్ని చూసి నవ్వి, తలాడిస్తూ ఆగుతుంది. అందరి ధ్యాసా ఆవిడ మీదే. చరణం ఎత్తుగడ ఎక్కడో ఆవిడకు తెలుసు. పీపీటీ వైపు తిరిగి స్లైడు చదివే మాస్టారికీ కావలసింది ఇదే: ఎత్తుగడలు నోటికి రావాలి, మిగతాది స్క్రీన్ మీద ఉంటే ఉండనీ.

ఆ ఇంటర్‌లూడ్‌కు క్లాసులో సమానమైనది, ప్రశ్న అడిగిన తర్వాతి మౌనం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970లలో కొలిచి చూస్తే, టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగేలా తర్ఫీదిస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పేవాళ్ళూ పెరిగారు. మూడు సెకన్లేగా అనిపిస్తుంది గానీ, అక్కడ నిలబడ్డవాళ్ళకు అది యుగం.

అయితే ఆకట్టుకోవడం వేరు, నేర్పడం వేరు. అయోవా స్టేట్ యూనివర్సిటీలో షానా కార్పెంటర్ బృందం 2013లో ఒకే పాఠాన్ని ఒకే మనిషి చేత రెండు రకాలుగా చెప్పించి వీడియో తీసింది. మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే ఎందుకవుతాయన్నది పాఠం. ఒకదాంట్లో సూటిగా చూస్తూ అనర్గళంగా, ఇంకోదాంట్లో వంగి నోట్సు తడుముకుంటూ. మొదటిది చూసినవాళ్ళు చాలా నేర్చుకున్నామనుకున్నారు. పరీక్ష పెడితే గుర్తున్నది ఇద్దరికీ దాదాపు సమానమే. కనుక ఫీడ్‌బ్యాక్ ఫారంలో పడే మార్కులను కరోకే యంత్రం మార్కుల్లాగే తీసుకోవాలి. అది కొలిచేది అది కొలుస్తుంది, మనం కోరుకునేది కాదు.

నా ఉద్దేశంలో కరోకే నుంచి టీచర్లు వెంటనే అరువు తెచ్చుకోదగ్గది గొంతు విషయం. హాంకాంగ్‌లో అమెచ్యూర్ కరోకే గాయకుల మీద 2003లో వచ్చిన అధ్యయనంలో, మధ్యమధ్య నీళ్ళు తాగి కాసేపు గొంతుకు విశ్రాంతినిచ్చినవాళ్ళు, ఏకబిగిన పాడినవాళ్ళకంటే బాగా ఎక్కువసేపు పాడగలిగారు. వరసగా నాలుగు పీరియడ్లు చెప్పే మాస్టారు మాత్రం నీళ్ళ సీసా స్టాఫ్‌రూములో వదిలి, వెనక బెంచీ గోలమీదకు గొంతు పెంచుతారు. పక్క క్లాసువాళ్ళకు కూడా పాఠం వినిపిస్తుంది.