ఇంటి చదువు, ప్రభుత్వ బడి: అపోహలు - వాస్తవాలు

ఏటా జూన్‌లో బడిబాట కోసం ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఈ మధ్య ఒక కొత్త మాట వినిపిస్తోంది: "మా వాడిని ఇంట్లోనే చదివించుకుంటాం మాస్టారూ." జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి నా మొగ్గు ఎటో మీకు తెలుస్తూనే ఉంటుంది. అయినా ఇంటి చదువును తీసిపారేయను. ఆ దారి పట్టేవారిలో పిల్లల గురించి గట్టిగా ఆలోచించేవారే ఎక్కువ. కాకపోతే లోటు లేని చోట లోటు వెతుకుతున్నారు, ఉన్న చోట చూడటం లేదు.

అపోహ: ఇంట్లో చదివిస్తే కేసు పెడతారు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చకపోతే వారికి శిక్ష ఏదీ చెప్పలేదు. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు మాత్రం 2012 సవరణ ఇంటివద్దే చదువుకునే హక్కు ఇచ్చింది. మిగతా పిల్లల ఇంటి చదువు గురించి చట్టంలో ఒక్క మాటా లేదు. నా బెంగ కూడా అక్కడే. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంట్లో చదివించే తల్లిదండ్రులు ఏటా పిల్లల ప్రగతి మదింపు సమర్పించాలి. ఇక్కడ పిల్లవాడు ఏడాదంతా భిన్నాల దగ్గరే ఆగిపోయినా అడిగేవారు ఉండరు.

అపోహ: ఓపెన్ స్కూల్ పదో తరగతి చెల్లదు.

చెల్లుతుంది. 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్‌ఐఓఎస్ తెలుగు మాధ్యమంలోనూ పరీక్షలు పెడుతుంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నమోదు చేసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి.

అపోహ: ఒక్కరికే చెబుతాం కాబట్టి ఇంట్లో చదువు బాగా వస్తుంది.

వేగంగా వస్తుంది, నిజమే. కానీ లెక్కల తరగతిలో ఏం జరుగుతుందో చూడండి. సగానికి మూడో వంతు కలపమంటే ఒకడు పైవి పైవి, కిందివి కిందివి కలిపేసి 2/5 అంటాడు. నేను తప్పని చెప్పను, బోర్డు మీద రాసి ఊరుకుంటాను. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఒక గొంతు లేస్తుంది: "సార్, 2/5 అంటే సగం కన్నా తక్కువ కదా, కలిపితే తగ్గిందేమిటి?" అక్కడి నుంచి వాదన మొదలవుతుంది. ఒకరు రొట్టె బొమ్మ గీస్తారు, మరొకరు ఆరు గడులు గీసి ఐదింటికి రంగు వేస్తారు. ఇంట్లో అయితే అమ్మ వెంటనే సరిదిద్దేస్తుంది. జవాబు సరిగ్గానే వస్తుంది గానీ, ఇంకొకరి తప్పులోంచి నేర్చుకునే అవకాశం పోతుంది. ఒక్క బిడ్డ ఉన్న ఇంట్లో ఎంత శ్రద్ధ పెట్టినా దీన్ని పుట్టించలేం.

ఇంకొకటి. ఐదో తరగతి దాకా ఇంట్లోనే చదివిన ఒక పాప ఆరులో మా బడిలో చేరింది. నోటి లెక్కల్లో దిట్ట. మూడో బెంచీలో కూర్చోబెడితే బోర్డు చూసి ఎక్కించుకోవడంలో అన్నీ తప్పులే. ఎనిమిదిని మూడుగా, ఆరును సున్నాగా రాసేది. తర్వాత తేలింది, దూరపు చూపు సరిగ్గా లేదు. తల్లి శ్రద్ధలో లోపమేమీ లేదు. పుస్తకం ఎప్పుడూ ఒళ్లోనే ఉండేది కాబట్టి బయటపడే సందర్భమే రాలేదు. బడిలో చేరిన పిల్లల కళ్లు, చెవులు, పళ్లు చూడటానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం వస్తుంది. బడి పట్టీలో పేరు లేని పిల్లలను ఆ తనిఖీకి ఎవరూ పిలవరు.

అపోహ: ఇంట్లో చదివితే స్నేహితులుండరు.

ఉంటారు. ఆటస్థలంలో, సంగీతం క్లాసులో, వీధిలో దొరుకుతారు. దొరకనిది తాము ఎంచుకోని తోటివారు.

అపోహ: ఫీజు లేదు కాబట్టి ఖర్చు లేదు.

అమ్మ ఉద్యోగం మానేస్తే పోయే జీతాన్ని ఎవరూ లెక్కలో వేయరు. నేను చూసిన ఇళ్లలో ఈ భారం దాదాపు ఎప్పుడూ ఆమె మీదే పడింది. పిల్లవాడు పదో తరగతి త్రికోణమితికీ రసాయన సమీకరణాలకూ వచ్చేసరికి ట్యూషన్ తప్పదు. ఓపెన్ స్కూల్‌లోనూ సైన్సుకు ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది, ప్రయోగశాల వెతుక్కోవాలి.

అపోహ: ప్రభుత్వ బడిలో చదువు చెప్పరు.

ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. టెట్, డీఎస్సీ గట్టెక్కి వచ్చిన ఉపాధ్యాయులం. పుస్తకాలు ఉచితం, ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటాయి. మధ్యాహ్నం వేడి భోజనం ఉంటుంది. లోపాలూ దాచను. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఒకే మనిషి ఐదు తరగతులు నడపాలి. మీ ఊరి బడి అలాంటిదైతే మీ భయం సబబే. అయితే వెళ్లి ఒక పూట కూర్చుని చూసి నిర్ణయించుకోండి.

అపోహ: ఒకసారి మాన్పిస్తే మళ్లీ చేర్చుకోరు.

ఎనిమిదో తరగతి వరకు చేర్చుకోవాల్సిందే. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టమే చెబుతోంది. టీసీ లేకపోయినా, వయసు ధ్రువపత్రం లేకపోయినా, విద్యాసంవత్సరం మధ్యలో వచ్చినా కాదనకూడదు. తొమ్మిది, పది తరగతులకు ఈ అండ ఉండదు. కాబట్టి ఇంటి చదువు సాగడం లేదని మీకు అనిపిస్తే, పిల్లలకు పద్నాలుగేళ్లు దాటకముందే దగ్గరి బడిలో ప్రధానోపాధ్యాయుణ్ణి కలవండి.