ఫోను సొంతమే, పని మాత్రం ప్రజలది

2025 మార్చి 24న ‘ది అట్లాంటిక్’ పత్రిక సంపాదకుడు జెఫ్రీ గోల్డ్‌బర్గ్ రాసిన కథనం చూసి ప్రపంచమంతా నివ్వెరపోయింది. యెమెన్‌లో హూతీ తిరుగుబాటుదారుల మీద బాంబు దాడి ఎప్పుడు, ఎలా చేయాలో అమెరికా ఉపాధ్యక్షుడు, రక్షణ మంత్రి, సీఐఏ డైరెక్టర్ తదితరులు వాట్సాప్‌లాంటి సిగ్నల్ యాప్‌లో గ్రూపు పెట్టుకుని మాట్లాడుకున్నారు. జాతీయ భద్రతా సలహాదారు మైక్ వాల్ట్జ్ ఖాతా నుంచి గోల్డ్‌బర్గ్ కూడా పొరపాటున అందులో చేరిపోయారు. యుద్ధ రహస్యం ఒక విలేకరి చేతికి ఎలా పోయిందన్న దాని మీదే అప్పట్లో చర్చంతా నడిచింది. కానీ దానికంటే పెద్ద సంగతి ఆ కథనంలోనే ఉంది. ఆ గ్రూపులో కొన్ని మెసేజ్‌లు వారానికి, కొన్ని నాలుగు వారాలకు వాటంతటవే చెరిగిపోయేలా టైమర్ పెట్టారు. ఆ పొరపాటే జరగకపోతే ఆ సంభాషణ ఆనవాలు కూడా మనకు దొరికేది కాదు.

మర్నాడే అమెరికన్ ఓవర్‌సైట్ అనే ప్రభుత్వేతర నిఘా సంస్థ కోర్టుకెళ్లింది. మార్చి 11 నుంచి 15 వరకు ఉన్న మెసేజ్‌లను భద్రపరచాలని 27న జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్ ఆదేశించారు. ఏప్రిల్‌లో సీఐఏ ఇచ్చిన జవాబు ఏమిటంటే, తమ డైరెక్టర్ ఫోన్లో గ్రూపు పేరు, సెట్టింగుల్లాంటి వివరాలే ఉన్నాయి తప్ప అసలు మాటలేవీ మిగల్లేదని.

ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. యాభై ఏళ్లుగా ఇదే తంతు నడుస్తోంది. కొత్త సాధనం ఏదొచ్చినా, అది రికార్డు కిందికి రాదని పైనున్నవాళ్లు అంటారు. ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కి పోరాడితే చట్టం కదులుతుంది. ఈలోగా పోయేవి పోతూనే ఉంటాయి.

మొదట టేపు రికార్డరు. అధ్యక్షుడు నిక్సన్ 1971 ఫిబ్రవరిలో శ్వేతసౌధంలో రహస్యంగా రికార్డింగ్ ఏర్పాటు చేయించారు. ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి దొంగచాటుగా చొరబడిన వాటర్‌గేట్ కుంభకోణం విచారణలో భాగంగా 1973 జులై 16న ఆయన దగ్గర పనిచేసిన అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ సెనెట్ కమిటీ ముందు నోరు విప్పేదాకా ఆ సంగతి బయటివాళ్లకు తెలీదు. 1972 జూన్ 20 నాటి టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాల మాటలు చెరిగిపోయి ఉన్నాయి. టేపులు అప్పగించాల్సిందేనని 1974 జులై 24న సుప్రీంకోర్టు తేల్చింది. ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయారు. అప్పటిదాకా అధ్యక్షుడి కాగితాలంటే అధ్యక్షుడి సొంత ఆస్తే, దిగిపోయేటప్పుడు మూటగట్టుకుని తీసుకెళ్లొచ్చు. 1978 నాటి చట్టం ఆ ఆనవాయితీకి తెరదించింది. 1981 జనవరి 20 నుంచి అధ్యక్షుల అధికారిక రికార్డులు దేశం ఆస్తి అయ్యాయి.

తర్వాత ఈమెయిల్ వచ్చింది. ఇక్కడ కాస్త ఆగాలి. ఇవాళ వాట్సాప్ గురించి మనం అడుగుతున్న ప్రశ్నలు చాలావరకు అప్పుడే తేలిపోయాయి.

రీగన్ హయాంలో జాతీయ భద్రతా మండలి సిబ్బంది ఐబీఎం వారి ‘ప్రాఫ్స్’ అనే ఈమెయిల్ వాడేవారు. ఇరాన్‌కు గుట్టుగా ఆయుధాలమ్మి, ఆ డబ్బు నికరాగువాలోని కాంట్రా తిరుగుబాటుదారులకు మళ్లించిన వ్యవహారం 1986 నవంబరులో బయటికి పొక్కింది. అప్పుడు భద్రతా సలహాదారు జాన్ పాయిండెక్స్‌టర్, ఆయన కింద పనిచేసే ఆలివర్ నార్త్ కంప్యూటర్ల ముందు కూర్చుని ఇద్దరూ కలిపి ఐదు వేలకు పైగా మెసేజ్‌లు డిలీట్ చేశారు. అవన్నీ పోయాయనే అనుకున్నారు. కానీ బ్యాకప్ టేపుల్లో కాపీలు ఉండిపోయాయి. ఈ వ్యవహారం మీద విచారణ చేసి 1987లో నివేదిక ఇచ్చిన టవర్ కమిషన్‌కు దొరికిన గట్టి ఆధారాల్లో అవీ ఉన్నాయి.

1989 జనవరి 19, రీగన్‌కు పదవిలో చివరి పూర్తి రోజు. ప్రభుత్వం మారే వేళ ఆ టేపులను చెరిపేయబోతున్నారని తెలిసి స్కాట్ ఆర్మ్‌స్ట్రాంగ్ కోర్టుకు పరుగెత్తారు. ఆయన 1985లో నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్‌ను స్థాపించిన జర్నలిస్టు. పేరు చూసి ప్రభుత్వ సంస్థ అనుకోవద్దు, అది పరిశోధకులు నడిపేది. జడ్జి బారింగ్టన్ పార్కర్ ఆ సాయంత్రమే విని, ఒక్కటి కూడా చెరపొద్దని ఉత్తర్వు ఇచ్చారు. మర్నాడు మధ్యాహ్నం కొత్త అధ్యక్షుడు బుష్ ప్రమాణం చేశారు. ఒక్క రోజు ఆలస్యమై ఉంటే కేసు వేయడానికి టేపులే ఉండేవో లేదో.

ఈమెయిల్ అంటే ఫోన్ వచ్చినప్పుడు రాసిపెట్టుకునే చీటీలాంటిదేనని, ముఖ్యమైనవి ఎలాగూ ప్రింటు తీసి ఫైల్లో పెడుతున్నామని ప్రభుత్వం వాదించింది. 1993 ఆగస్టు 13న అప్పీలు కోర్టు దీన్ని ఒప్పుకోలేదు. కంప్యూటర్లో ఉన్నదంతా కాగితం మీదికి రాదని చెప్పింది. ఆ మెసేజ్ ఎవరెవరికి చేరింది, ఏ తేదీన ఏ గంటకు చేరింది అన్నవి ప్రింటులో కనబడకపోవచ్చు. పైన గ్రూపు పేరు ఒక్కటే ఉంటే, అందులో ఉన్నదెవరో కాగితాన్ని ఎంతసేపు చూసినా తెలీదు. ఏ కుంభకోణంలోనైనా ఎవరికి ఎప్పుడు తెలుసన్నదే కదా అసలు ప్రశ్న! వాట్సాప్ చాట్‌లోంచి నాలుగు వాక్యాలు టైపు చేసి ఫైల్లో పెడితే సరిపోతుందనేవాళ్లకు ఈ తీర్పే జవాబు.

ఆ కేసు నడుస్తుండగా ఇంకోటి జరిగింది. 1993 జనవరి 19 రాత్రి, అంటే బుష్ దిగిపోయే ముందు రాత్రి, దేశ రికార్డులకు కాపలాగా ఉండాల్సిన జాతీయ ఆర్కైవిస్టు డాన్ విల్సన్ ఆయనతో ఒప్పందం మీద సంతకం చేశారు. దాని ప్రకారం ఆ ప్రభుత్వపు ఈమెయిల్ టేపుల మీద పెత్తనం బుష్‌ది. కొద్ది వారాలకే విల్సన్ బుష్ పేరిట టెక్సాస్‌లో వెలుస్తున్న కేంద్రంలో పెద్ద ఉద్యోగానికి వెళ్లిపోయారు. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ ఒప్పందం చెల్లదని 1995లో కోర్టు కొట్టేసింది.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. బుష్ కుమారుడి హయాంలో శ్వేతసౌధం సిబ్బంది పార్టీ ఇచ్చిన ఈమెయిల్ ఖాతాల్లో ప్రభుత్వ పని నడిపినట్టు 2007లో బయటపడింది. వాటితో సంబంధం లేకుండా, గల్లంతైన శ్వేతసౌధం ఈమెయిళ్లు 2.2 కోట్లు దొరికాయని 2009లో చెప్పారు. హిల్లరీ క్లింటన్ విదేశాంగ మంత్రిగా ఉన్నంతకాలం సొంత సర్వర్ వాడినట్టు 2015 మార్చిలో వెల్లడైంది. ఆ గొడవ ఎన్నికల రాజకీయంలో కొట్టుకుపోయింది కానీ, అందులో అసలు తప్పు ఒకటుంది. ఏవి ప్రభుత్వానివి, ఏవి సొంతవి అని వేరు చేసింది ఆమె తరఫు లాయర్లు. దాదాపు 30 వేలు అప్పగించారు. ఇంచుమించు అన్నే సొంతవని చెప్పి పక్కనపెట్టేశారు, అవి తర్వాత డిలీట్ అయ్యాయి. వేరు చేసే పని ఆ అధికారి చేతిలోనే ఉంటే, పరీక్ష రాసినవాళ్లే పేపరు దిద్దుకున్నట్టు.

ఆమె విషయం బయటపడటానికి ముందే, 2014 నవంబరులో ఒబామా సంతకం చేసిన చట్టంలో తేలికైన, పనికొచ్చే నిబంధన ఒకటుంది. అధికారి సొంత ఖాతాలో ప్రభుత్వ పని మీద మెసేజ్ పంపితే అప్పుడే అధికారిక ఖాతాకూ కాపీ పెట్టాలి, లేదా 20 రోజుల్లోగా పంపాలి. అయినా 2021 జనవరి 5, 6 తేదీల్లో అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్ సిబ్బంది మెసేజ్‌లు ఫోన్లు మార్చే పనిలో చెరిగిపోయాయి. పార్లమెంటు భవనంపై దాడి జరిగింది ఆ 6వ తేదీనే.

యూరప్‌లోనూ ఇదే తీరు. 2021లో 180 కోట్ల డోసుల వరకు టీకాల కొనుగోలుకు ముందు యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్, ఫైజర్ అధిపతి ఆల్బర్ట్ బుర్లా మెసేజ్‌లతో మాట్లాడుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. వాటిని అడిగితే, లేవని జవాబు. ఎక్కడ వెతికారో, ఎందుకు లేవో నమ్మదగ్గట్టు చెప్పలేదంటూ 2025 మే 14న యూరోపియన్ జనరల్ కోర్టు ఆ తిరస్కరణను రద్దు చేసింది.

ఇక మన సంగతి. మండల ఆఫీసులో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు, పొద్దున్నే చూసేది జిల్లా వాట్సాప్ గ్రూపు. మీటింగ్ ఎన్నింటికో, ఏ జాబితా సాయంత్రానికల్లా పంపాలో, ఏ పని ఆపాలో అన్నీ అందులోనే. ఫైలు మీదికి వచ్చేది చాలాసార్లు చివరి ఉత్తర్వే. దానికి ముందు ఎవరు ఏమన్నారన్నది ఫోన్లలో ఉండిపోతుంది.

చట్టంలో మాట గట్టిగానే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) ఏ రూపంలో ఉన్నదైనా సమాచారమేనంటూ ఈమెయిళ్లను పేరుపెట్టి చేర్చింది. 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం కంప్యూటర్‌తో గానీ మరే పరికరంతో గానీ తయారైన వాటినీ రికార్డు అంది. అక్రమంగా నాశనం చేస్తే ఐదేళ్ల వరకు జైలు. కానీ ఆ చట్టం పరిధి కేంద్రం, కేంద్రపాలిత ప్రాంతాలు, కేంద్ర సంస్థల వరకే, మన తహసీల్దారు ఆఫీసుకు వర్తించదు. సొంత ఫోన్లోని మెసేజ్‌ను ఇన్ని రోజుల్లో ఫైలుకు ఎక్కించాలన్న గడువు ఆ రెండింటిలోనూ లేదు. పైగా 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఆర్టీఐ సెక్షన్ 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారం అంటే చాలు ఇవ్వనక్కర్లేదనే దారి వెడల్పు చేసింది. అధికారి ఇంట్లోవాళ్లతో మాట్లాడుకున్నది మనకెందుకు? అడుగుతున్నది భూమి, టెండరు, బదిలీల గురించిన మెసేజ్‌లు.

ఆర్టీఐ సెక్షన్ 20లో ఇంకో సందు ఉంది. దరఖాస్తులో అడిగిన సమాచారాన్ని నాశనం చేస్తే రోజుకు రూ.250 చొప్పున రూ.25,000 దాకా జరిమానా. దరఖాస్తు రాకముందే పోయినదాని గురించి అది మాట్లాడదు. ఆర్టీఐ జవాబుకు గడువు 30 రోజులు. వాట్సాప్‌లో మెసేజ్ మాయమయ్యే టైమర్‌ను 24 గంటలకు, 7 రోజులకు, 90 రోజులకు పెట్టుకోవచ్చు. అధికారిక గ్రూపుల్లో టైమర్ వాడకూడదని, సొంత ఫోన్లో నడిచిన ప్రభుత్వ పని 20 రోజుల్లో ఫైలుకు చేరాలని రాష్ట్రాలు తమ ఆఫీసులకు ఆదేశాలివ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రికార్డులను పద్ధతిగా ఉంచాలని ఆర్టీఐ సెక్షన్ 4 ఇప్పటికే ప్రతి ఆఫీసుకూ చెబుతోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తలచుకుంటే ఒక్కో జీవోతో అయిపోయే పని.