ఉరుము మబ్బులో విద్యుత్తు: సిమ్లా వాన నుంచి మంచు పలుకుల దాకా

ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో పగలంతా ఎండ మాడ్చేసి సాయంత్రానికి ఉరుములతో వాన ముంచుకురావడం, ఈలోగా పిడుగుల హెచ్చరిక ఫోన్లకు చేరడం మామూలైపోయింది. అయితే ఆ మబ్బులో విద్యుదావేశం మొదట ఎలా పుడుతుందనే ప్రశ్న చాలా కాలం తేలలేదు.

ఉరుము మబ్బులో ఉన్నది విద్యుత్తేనని 1752లో ఫ్రాన్స్‌లో, అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించిన ఇనుప కడ్డీ ప్రయోగంతో రుజువైంది. మబ్బు అడుగు ఎక్కువగా రుణావేశంతో ఉంటుందని ఆయనే గమనించాడు కూడా. ఆ తర్వాత ఒకటిన్నర శతాబ్దంలో ఈ ప్రశ్న పెద్దగా కదలలేదు.

అసలు వాదానికి బీజం పడింది మన దేశంలోనే. సిమ్లాలో భారత వాతావరణ శాఖలో పనిచేస్తున్న జార్జ్ సింప్సన్, నేలకు చేరే వానలో ధనావేశమే ఎక్కువని కొలిచి, పెద్ద చినుకులు గాలి తాకిడికి పగిలినప్పుడు నీటికి ధనావేశం, గాలికి రుణావేశం వస్తాయని 1909లో ప్రతిపాదించాడు. ఆ లెక్కన మబ్బు కింది భాగం ధనావేశంతో, పైభాగం రుణావేశంతో ఉండాలి. మెరుపు మెరిసినప్పుడల్లా నేల దగ్గర విద్యుత్ క్షేత్రం ఎలా మారుతుందో కొలిచిన బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ మాత్రం సరిగ్గా తలకిందుల చిత్రాన్ని చూపాడు. ఇద్దరూ జాగ్రత్తగా కొలిచినవారే కానీ, ఇద్దరూ కొలిచింది నేల మీద నిలబడి. చివరకు సింప్సనే తోటి శాస్త్రవేత్త స్క్రేస్‌తో కలిసి పరికరాలు కట్టిన బెలూన్లను మబ్బుల్లోకి పంపి, పైన ధనావేశం, మధ్యలో రుణావేశం, అడుగున చిన్న ధనావేశ ప్రాంతం ఉన్నాయని 1937లో ప్రకటించాడు. తన సిద్ధాంతాన్ని దెబ్బతీసే ఫలితాన్ని తానే అచ్చువేయించిన ఆ నిజాయితీ మెచ్చుకోదగినది.

మధ్యనున్న రుణావేశం సున్నాకు బాగా దిగువ ఉష్ణోగ్రతలో ఉండడంతో దృష్టి చినుకుల నుంచి మంచు వైపు మళ్లింది. గడ్డకట్టకుండానే చల్లబడిన నీటి బిందువులు అంటుకుని పెరిగే మెత్తని మంచు ఉండలు, సన్నని మంచు స్ఫటికాలు ఢీకొంటే ఆవేశం ఒకదాని నుంచి మరొకదానికి మారుతుందని రేనాల్డ్స్ బృందం 1957లో ప్రయోగశాలలో చూపింది. ఎటువైపు మారుతుందన్నది ఉష్ణోగ్రతను, మబ్బులోని నీటి పరిమాణాన్ని బట్టి ఉంటుందని 1978లో జపాన్ శాస్త్రవేత్త తకహాషి తేల్చాడు. బాగా చల్లటి చోట ఉండలకు సాధారణంగా రుణావేశం వస్తుంది. అవి బరువుతో మధ్యలోనే ఉండిపోతే, ధనావేశం పొందిన తేలికపాటి స్ఫటికాలను పైకెగసే గాలి మోసుకుపోతుంది. కొంత వెచ్చని కింది పొరల్లో ఉండలకే ధనావేశం రావడంతో అడుగునున్న ఆ చిన్న ప్రాంతానికీ కారణం దొరికింది.

నలభై డిగ్రీల ఎండలో నిలబడి చూసే కృష్ణా తీరపు మబ్బులోనూ సుమారు ఐదు కిలోమీటర్ల పైన ఇదే జరుగుతుంది. ఢీకొన్న క్షణంలో మంచు ఉపరితలంపై ఆవేశం ఎందుకు చేతులు మారుతుందన్న విషయంలో మాత్రం శాస్త్రవేత్తలకు ఇంకా ఏకాభిప్రాయం లేదు.