బడిలో సైన్సు ప్రయోగాలు: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ప్రైమరీ స్కూల్లో సైన్సు చెబుతున్నాను. అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవం, నవంబరు 10న ప్రపంచ సైన్సు దినం, ఆ తర్వాత మా బడి సైన్సు ఫెయిర్. ఈ రోజులు దగ్గరపడేకొద్దీ తల్లిదండ్రులు, కొత్తగా చేరిన టీచర్లు అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. వాటి వెనక ఉన్న అపోహల్లో ఒకదాన్ని నేనూ చాలా ఏళ్లు పిల్లలకు నేర్పాను. ముందు అదే చెబుతాను.

అపోహ: గ్లాసు కింద కొవ్వొత్తి ఆరిపోయాక నీళ్లు పైకెక్కేది ఆక్సిజన్ అయిపోయినందుకే.

పళ్లెంలో రంగు నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. కాసేపటికి మంట ఆరుతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. "గాలిలో సుమారు అయిదో వంతు ఆక్సిజన్. అది ఖర్చయిపోయింది కాబట్టి ఆ మేరకు నీళ్లు వచ్చాయి" అనేదాన్ని. లెక్క కూడా ఇంచుమించు సరిపోయేది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఒకరోజు మూడో తరగతి పాప "టీచర్, రెండు కొవ్వొత్తులు పెడదామా?" అంది. పెట్టాం. నీళ్లు ఇంకా పైకి వచ్చాయి. మూడు పెడితే మరికాస్త. గ్లాసు అదే, అందులో పట్టే గాలీ అంతే. మరి ఆక్సిజన్ ఎక్కడి నుంచి పెరిగింది?

వాస్తవం: ఇక్కడ ఎక్కువ పని చేసేది వేడి. మంట దగ్గరి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. గ్లాసు అంచు దగ్గర గమనిస్తే ఒక్కోసారి బుడగలు కూడా కనిపిస్తాయి. మంట ఆరగానే లోపల మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. లోపల ఒత్తిడి తగ్గేసరికి బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది. మంట వెలుగుతున్నంతసేపూ పెద్దగా కదలని నీళ్లు అది ఆరాక గబగబా ఎక్కేది అందుకే. పైగా లోపలి ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది. ఈ ప్రయోగం పెద్దవాళ్లు పక్కన ఉండి చేయించాల్సిందే.

అపోహ: ల్యాబ్ లేకపోతే ప్రయోగాలు కుదరవు.

వాస్తవం: ఒక బకెట్ నీళ్లు, కాస్త మోడలింగ్ క్లే ఉంటే ఒక పీరియడ్ గడిచిపోతుంది. క్లేని ఉండలా చుట్టి వేస్తే మునుగుతుంది. అదే క్లేని పల్చగా ఒత్తి, అంచులు పైకి లేపి దొన్నెలా చేస్తే తేలుతుంది. బరువు ఒక్క గ్రాము కూడా మారలేదు. "బరువైనవి మునుగుతాయి" అని ముందే నోట్‌బుక్‌లో రాసిన పిల్లలు మళ్లీ ఆలోచనలో పడతారు. ముందు రాయించడం ముఖ్యం. రాయించకుండా చూపిస్తే అది మ్యాజిక్ షో అవుతుంది.

అపోహ: అనుకున్నది జరగకపోతే ప్రయోగం ఫెయిలైనట్టే.

చిక్కుడు గింజలు నానబెట్టి రెండు డబ్బాల్లో వేశాం. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి బీరువాలో. "చీకట్లో మొలవదు" అని క్లాసులో దాదాపు అందరూ రాశారు. పది రోజుల తర్వాత బీరువా తీస్తే లోపలి మొక్క కిటికీ దగ్గరి దానికన్నా పొడుగ్గా ఉంది. కాండం సన్నగా వంగిపోయి, చిన్న ఆకులు పాలిపోయిన పసుపు రంగులో ఉన్నాయి. పిల్లలంతా బీరువా మొక్కే గెలిచిందన్నారు. నేను వెంటనే పాఠం అందుకోలేదు. దాన్ని కూడా కిటికీ దగ్గర పెట్టి రోజూ చూడమన్నాను. రెండు మూడు రోజుల్లో ఆకులు పచ్చబడటం మొదలైంది. అప్పుడు వాళ్లే ఎందుకని అడిగారు.

వాస్తవం: చిక్కుడు లాంటి చాలా గింజలు మొలవడానికి నీరు, గాలి, తగినంత వెచ్చదనం చాలు. మొదట్లో కావలసిన ఆహారం గింజలోని పప్పుల్లోనే ఉంటుంది. వెలుతురు అందకపోతే మొక్క దానికోసం సాగిపోతుంది, పత్రహరితం తయారుకాదు. అలాగే వదిలేస్తే పప్పుల్లోని నిల్వ అయిపోయి వాడిపోతుంది.

అపోహ: వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది.

వాస్తవం: భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో సుమారు 15.2 కోట్లు. ఉత్తరార్ధగోళంలో చాలా చోట్ల అప్పుడే వేసవి. రుతువులు మారేది భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉన్నందువల్ల. గ్లోబు, టార్చిలైటు ఉంటే చూపించవచ్చు.

అపోహ: అంతరిక్ష వారోత్సవానికి ఒక వారం ముందు మొదలుపెడితే సరిపోతుంది.

వాస్తవం: 1957 అక్టోబరు 4న మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది, 1967 అక్టోబరు 10న అంతరిక్షాన్ని శాంతియుతంగా వాడుకోవాలనే దేశాల మధ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య వారాన్నే ఐక్యరాజ్యసమితి 1999లో ఎంచుకుంది. చార్టు మీద ఈ వివరాలు రాయడానికి వారం చాలు. చంద్రుడికి మాత్రం చాలదు. ఒక పౌర్ణమి నుంచి ఇంకో పౌర్ణమికి సుమారు 29.5 రోజులు. అందుకే మా పిల్లలు సెప్టెంబరు మొదట్లోనే చంద్రుడి నోట్‌బుక్ మొదలుపెడతారు. రోజుకో బొమ్మ, పక్కన టైము. "చంద్రుడు రాత్రే వస్తాడు" అనే ఊహ కూడా అందులోనే పోతుంది. పౌర్ణమి తర్వాత వారం రోజులు పొద్దున్నే పడమట చూడండి, బడికి వచ్చే దారిలోనే కనిపిస్తాడు. మబ్బు పట్టిన రోజు "మబ్బు" అని రాస్తే చాలు. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

అపోహ: సైన్సు ఫెయిర్‌లో మోడల్ అందంగా ఉండాలి, అవసరమైతే పెద్దవాళ్లే చేసి ఇవ్వాలి.

వాస్తవం: బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి పొంగించే అగ్నిపర్వతం ఏటా వస్తుంది. అందులో జరిగేది ఒక రసాయన చర్య, వెలువడేది కార్బన్ డయాక్సైడ్. నిజమైన అగ్నిపర్వతంలో పైకి వచ్చేది కరిగిన రాయి, దాన్ని నెట్టేది అందులో ఇమిడి ఉన్న వాయువులు. ఈ తేడా చెప్పగలిగితే ఆ మోడల్ నాకు ఇష్టమే. చెప్పలేకపోతే అది ఎంత బాగున్నా అమ్మానాన్నల పనిగానే మిగులుతుంది, టేబుల్ దగ్గర నిలబడిన పిల్లవాడికి టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

నేను అడిగే మొదటి ప్రశ్న "ముందు ఏమనుకున్నావు?" అనే. వెడల్పు పళ్లెంలో నీళ్లు ముందు ఆవిరవుతాయా, సన్నటి గ్లాసులోవా అనే చిన్న ప్రశ్నైనా చాలు. రెండింట్లో ఒకే కొలత నీళ్లు పోసి, రోజూ ఒకే టైముకి కొలిచి, పిల్లలే రాసుకోవాలి. కత్తెర పట్టేచోట, వేడి ఉన్నచోట మీరు పక్కన ఉండండి. ఊహ తప్పయితే రబ్బరుతో చెరపనివ్వకండి. అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన జరిగింది రాయించి, ఆ కాగితాన్నే చార్టుకి అతికించి పంపండి.