పసుపు, కాస్పేస్‌లు, నోటి క్యాన్సర్: అపోహలు – వాస్తవాలు

పేథాలజిస్టును, అంటే కణితి ముక్కల్ని మైక్రోస్కోపులో చూసే డాక్టర్ని, వెతుక్కుంటూ పేషెంట్లు మామూలుగా రారు. ఈమధ్య మాత్రం రిపోర్టు కోసం వచ్చిన కొడుకులూ అల్లుళ్లూ ఫోన్‌లో వీడియో చూపించి మరీ అడుగుతున్నారు: "మేడమ్, పసుపు కాస్పేస్‌లను లేపి క్యాన్సర్ కణాల్ని చంపేస్తుందట కదా, ఇంక ఆపరేషన్ దేనికి?"

ఆ వీడియోలో కొంత నిజం ఉంది, చిక్కంతా అక్కడే. కాస్పేస్‌లంటే కణం తనను తాను చంపుకోవడానికి వాడే ఎంజైములు. ల్యాబ్‌లో పెంచిన నోటి క్యాన్సర్ కణాల మీద పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం పోస్తే కాస్పేస్-3 చురుకవుతుంది, కణాలు చస్తాయి. కానీ అక్కడ కణాలు ఆ మందులోనే మునిగి ఉంటాయి. మనం మింగింది సరిగా ఒంటబట్టదు. పేగులూ కాలేయమూ చాలావరకు మార్చేస్తాయి, రక్తంలో మిగిలేది బహు స్వల్పం. పుండు మీదే రాస్తాం అంటారా? ఆ పూత కండలోకి, ఎముకలోకి దిగిన కణాల దాకా పోదు.

పైగా కాస్పేస్‌లు ప్రతి కణంలోనూ నిద్రాణంగా ఉండేవే. వాటిని లేపే దారుల్నే క్యాన్సర్ కణం చెడగొట్టుకుంటుంది. ఒకచోట చెడిన కణాన్ని చావుకు పంపే పి53 ప్రొటీన్ పోతుంది, ఇంకోచోట చావును అడ్డుకునే సర్వైవిన్ ప్రొటీన్ పెరుగుతుంది. మన దేశపు చిగురు, బుగ్గ క్యాన్సర్ల మీద 2013లో వచ్చిన జన్యు అధ్యయనంలో తరచూ దెబ్బతిన్న వాటిలో కాస్పేస్-8 జన్యువూ ఉంది. ఎవరి కణితిలో ఏ దారి మూసుకుపోయిందో పోపులపెట్టెకేం తెలుసు?

శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు, అడ్డపొగ అలవాటు, అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. అంగిట్లో పుండు సంక్రాంతికే కనిపించిందట, బయాప్సీకి వచ్చేసరికి వినాయక చవితి దాటింది. మధ్యలో అంతా పసుపూ తేనే. ఆపరేషన్‌లో తీసిన ముక్క చూస్తే కణితి ఎముకలోకి దూరిపోయింది. చస్తున్న కణాలూ ఉన్నాయి, ముడుచుకుపోయి, ఎర్రబడి, కేంద్రకం నల్లచుక్కలుగా చితికి. వాటి పక్కనే రెండుగా చీలి పెరుగుతున్న కణాలు అంతకు మించి. ఇంట్లోవాళ్లను తిట్టబుద్ధి కాలేదు. కత్తి పేరెత్తితే ఎవరికి టెన్షన్ ఉండదు?

మిగతావి గబగబా. బయాప్సీతో జబ్బు పాకుతుందన్నది పుకారు, ముక్క తీయకుండా ఏ జబ్బో తేల్చలేం. రిపోర్టులో కాస్పేస్-3 లేదని కంగారొద్దు, మామూలుగా అది చూడం. ఎక్కువుంటే మంచిదనీ లేదు: చస్తున్న కణాల్లోని ఆ ఎంజైమే పక్క కణాల్ని పెరగమని ఉసిగొల్పగలదని 2011లో ఒక పరిశోధన చూపింది. పొగాకు లేని వక్కా క్యాన్సర్ కారకమే. కర్క్యుమిన్ క్యాప్సూల్స్ వాడుతుంటే మీ ఆంకాలజిస్టుకు చెప్పండి, కూరలో పసుపును ఎవరూ కాదనరు.

రెండు వారాలైనా మానని పుండుంటే, తెల్లమచ్చో ఎర్రమచ్చో పోకుండా ఉంటే డెంటిస్టుకు చూపించండి. వచ్చేముందు నోరు పుక్కిలించి రండి, పసుపు పూత కింద మచ్చ అసలు రంగు తెలియదు.